వేలు పట్టేంత జాగ

మా ఉస్తాద్ చనిపోయిన కబురు నాకు బాయిలర్ దగ్గర అందింది. మరమ్మతు పూర్తయి, ఆ పొద్దున్నే కట్టెల మంట వేయించాను. మంట చూసే రంధ్రానికి కన్ను ఆనించి ఉండగా గేటు చౌకీదారు వచ్చి వెనక నిలబడ్డాడు. కరీంనగర్ నుంచి వచ్చిన బస్సు కండక్టర్ చెప్పాడట. తెల్లవారుతుండగా పోయాడట. సాయంత్రం నమాజు లోపల మట్టి చేస్తారట.

"పోతవా? పోతె గిప్పుడే పోవాలె. పదిన్నర బస్సు దొరుకుతది" అన్నాడు చౌకీదారు.

నేను పోలేదు. కొత్తగా ఇటుక కట్టిన బాయిలర్‌లో మంట వేస్తే, మొదటి మూడు రోజులు ఆ పని తెలిసినవాడు అక్కడ నుంచి కదలకూడదు. ఆ పద్ధతి పెట్టింది ఉస్తాదే. ఆయన్ని మట్టి చేసే వేళకు నేను మళ్ళీ అదే రంధ్రంలోంచి లోపలి ఉక్కు దూలాలను చూస్తూ ఉన్నాను.

ఆయన గురించి పత్రికలో రాసేంత ఏముందని మా ఇంట్లో అడిగారు. నిజమే, ఆయన సభల్లో మాట్లాడినవాడు కాదు. ఆయన పేరు మా ఫ్యాక్టరీ గేటు దాటి ఎవరికీ తెలియదు. కాని ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు రాసి ఊరుకోవడం నాకు చేతకాలేదు.

మాది సుల్తానాబాద్ దగ్గర పల్లె. మా బాపు కమ్మరి. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడంలో ఆ చుట్టుపక్కల ఆయనకు పేరు. పట్టాను చక్రం చుట్టుకొలత కంటె కొంచెం తక్కువకు అతుకుతాడు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తాడు. కాలిన పట్టా సాగుతుంది. నలుగురు పట్టకార్లతో పట్టుకొచ్చి దాన్ని చక్రం మీద దించి, వెంటనే నీళ్ళు పోస్తారు. చల్లారుతూ అది కర్రను కరుచుకుంటుంది. చక్రం ఆకులన్నీ ఒక్కసారి కిర్రుమంటాయి. తర్వాత బాపు చక్రాన్ని నేల మీద దొర్లించి చెవి పెట్టి వినేవాడు. ఎక్కడైనా గలగలమంటే ఆ పూట అన్నం తినేవాడు కాదు. "వదులు పని చేసి ఊళ్ళె మొగం ఎట్ల సూపిస్తం?" అనేవాడు. నేను ఆ మాట వింటూ పెరిగాను. ఏ వస్తువు ముట్టుకున్నా ముందు కదిలించి చూడడం నా చేతికి అలవాటు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు, గోదావరికి ఆదిలాబాద్ వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీలో నాకు టెంపరరీ ఫిట్టర్ పని దొరికింది. బాయిలర్ విభాగానికి ఉస్తాద్ మేస్త్రి. కరీంనగర్ పట్నం మనిషి. నిజాం రోజుల్లో రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, చేతిలో బెత్తం. బెత్తం ఎవరినీ కొట్టడానికి కాదు. ఇటుక గోడల్ని తట్టి వినడానికి. ఖాకీ చొక్కా ఎడమ జేబులో గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఉండేది. బొగ్గు వ్యాగన్ వస్తే ముందు ఒక పెళ్ళ తీసి వాసన చూసేవాడు. గంధకం ఎక్కువైన బొగ్గు తన ఉక్కుకు శత్రువని ఆయన నమ్మకం. అది నిజమేనని తర్వాత పుస్తకాల్లో నేనూ చదివాను.

తన ఉక్కు అన్నది ఆయన మాటే. మంటకు పైన ఆవిరి గొట్టాలు వరుసలుగా ఉంటాయి. ఆ గొట్టాల బరువంతా నాలుగు అడ్డదూలాలు మోయాలి. వాటి చుట్టూ ఎప్పుడూ మంటే. మామూలు ఇనుమును అక్కడ పెడితే నెలల్లో పొట్టు రాల్చుకుని, కుంగి, ఊడిపోతుంది. అందుకని వేడిని ఓర్చే స్టెయిన్‌లెస్ ఉక్కుతో పోతపోసిన దూలాలు తెప్పించారు. మొత్తం అయిదు. నాలుగు వాడడానికి, ఒకటి చేతిలో ఉండడానికి.

పెట్టెలు విప్పిన రోజు స్టోరు గుమాస్తా పరుగున వచ్చాడు.

"ఉస్తాద్, మనల మోసం చేసిండ్రు. గిది ఉక్కే కాదు. అయస్కాంతం పెట్టి సూసిన, అంటుతలేదు. ఏందో సత్తు కలిపి పంపిండ్రు. నేను వాపస్ రాస్తున్న."

ఉస్తాద్ జేబులోంచి గుడ్డ తీసి, అయస్కాంతం బయట పెట్టి, ఒక్కో దూలం మీద మెల్లగా నడిపించాడు. నాలుగింటికి అంటలేదు. అయిదో దానికి టక్కున అంటుకుంది.

"రాయి. గిదొక్కటి వాపస్ రాయి" అన్నాడు.

"అంటితే నకిలీ, అంటకుంటె అసలా? మా తాత కాలంల గిట్ల లేకుండె ఉస్తాద్!"

"మీ తాత కాలంల బాయిలర్ గూడ లేకుండె."

గుమాస్తా ఆ ఒక్కదానికే వాపస్ రాసుకున్నాడు. ఆ తర్వాత ఉస్తాద్ మాకు కొంచెం చెప్పాడు. ఈ ఉక్కులో క్రోమియం ఎక్కువ. నికెల్ కూడా దండిగా కలుపుతారు. నికెల్ అంత కలవడం వల్లనే దానికి అయస్కాంతం అంటదు. ఇళ్ళలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న స్టీలు గ్లాసులకు ఇది దగ్గరి చుట్టమే గాని, వేడిని ఇంకా ఎక్కువ ఓరుస్తుంది. మంట తగలగానే ఒంటి మీద పలచని పొర కట్టుకుంటుంది. ఆ పొర దాన్ని కాస్తుంది. నెలల తరబడి ఎర్రగా ఉన్నా బరువు వదలదు.

అన్నీ చెప్పాడు గాని ఒకటి చెప్పలేదు. ఆ నాటి మేస్త్రీలు చెప్పేదే తక్కువ.

దూలం ఒక్కోటి ఆరడుగులు. దాని రెండు చివరలూ రెండు పక్కల ఇటుక గోడల్లో వదిలిన గూళ్ళలో కూర్చోవాలి. శుక్రవారం పొద్దున ఆ పని నాకు అప్పగించి, "చివర్లు ముట్టకు. ఎట్లున్నయో గట్లనే ఉండనియ్యి" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మధ్యాహ్నం ఆయన జుమ్మా నమాజుకు పోయాడు.

నేను దూలాలు నాలుగూ కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ ఒకదాన్ని కదిలించి చూశాను. ముందుకూ వెనక్కీ జరిగింది. గలగలమంది. దూలం చివరకూ గూటి ఇటుకకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. ఎనిమిది చివరలూ అంతే. బరువంతా మోయవలసిన దూలం చేత్తో నూకితే జరుగుతున్నది. గూళ్ళను బయటి నుంచి ఇటుకతో మూయడానికి తాపీ మేస్త్రి తాపీ పట్టుకుని నిలబడ్డాడు.

"జల్ది కానియ్యి తమ్మీ, మట్టి ఎండుతుంది."

ఉస్తాద్ ముట్టకు అన్న మాట గుర్తు లేకపోలేదు. వదులుగా ఉన్న సంగతి ఆయనకు తెలియదేమో అనుకున్నాను. తెలిసి కూడా ఊరుకున్నాడంటే అది నాకు ఇంకా నచ్చని మాట. ఇనుప చీలలు తెచ్చి ఎనిమిది సందుల్లో సుత్తితో దిగగొట్టాను. మళ్ళీ కదిలించాను. వెంట్రుక వాసి కదలలేదు.

"బండి పట్టా లెక్క బిగించినవ్ గద!" అన్నాడు తాపీ మేస్త్రి. నాకు సంతోషమైంది. బాపు చూస్తే మెచ్చుకునేవాడు అనుకున్నాను. గూళ్ళు మూసేశాడు.

ఉస్తాద్ తిరిగొచ్చి, "అయిందా?" అన్నాడు.

"అయింది ఉస్తాద్."

మూసిన గూళ్ళను బెత్తంతో తట్టి చూసి వెళ్ళిపోయాడు.

శనివారమంతా కట్టెల మంట, కొత్త ఇటుకల్లో తడి ఆరడానికి. ఆదివారం పొద్దున బొగ్గు మొదలుపెట్టారు. సోమవారం పొద్దుటికి ఆవిరి కావాలని మేనేజరు హుకుం. అంటే ఆదివారం మధ్యాహ్నం దాటాక మంట గట్టిగా పెంచాలి. పది గంటలకు మా ఇంజనీరు వచ్చాడు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన మనిషి. తెలియంది అడగడానికి సిగ్గుపడేవాడు కాదు.

"ఏమండీ మేస్త్రిగారూ, ఇంత మంటలో ఈ దూలాలు మెత్తబడిపోవూ?"

"మెత్తబడయి సార్. కాని పెరుగుతయ్. మామూలు ఇనుము ముప్పావు అంగుళం పెరిగే కాడ గివి అంగుళం దాటుతయ్. అందుకే రెండు దిక్కుల వేలు పట్టేంత జాగ ఇడిసినం."

"ఆ జాగా లేకపోతేనో?"

"జాగ లేకుంటె గోడను నూకుతది. గోడ గట్టిదైతే తనే వంగుతది. వంగితే పైన గొట్టాలు జారుతయ్. గొట్టం పలిగితే ఆవిరి. ఆవిరి ముంగట మనిషి నిలువడు సార్."

నేను పక్కనే స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇద్దరూ ముందుకు నడిచారు. నేను వెనక్కి తిరిగి, మూసేసిన గూళ్ళ వైపు చూశాను.

ఇనుము వేడికి పెరుగుతుందని నాకు తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కాని మా కొలిమి దగ్గర పెరగడం ఒక్క క్షణం, కరుచుకోవడం ఏళ్ళ తరబడి. పెరిగి, నెలల పాటు పెరిగే ఉండే ఇనుము నేను ఎన్నడూ చూడలేదు. వేడిని చల్లార్చడం ఒక్కటే మా పని. వేడిని ఉండనివ్వడం మాకు తెలియదు.

అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. నన్ను పర్మనెంటు చేయమని ఉస్తాద్ ఆ వారమే కాగితం మీద సంతకం పెట్టి పంపాడు. ఆ కాగితం ఇంకా ఆఫీసులో ఉంది. చీలలు నలిగిపోతాయేమో అనుకున్నాను. ఇటుక మెత్తది, సర్దుకుంటుందేమో అనుకున్నాను. పది నుంచి రెండు దాకా ఇటువంటి మాటలు నాకు నేనే చెప్పుకుంటూ, ఏ పనీ లేకుండా గోడ చుట్టూ తిరిగాను. తిరిగిన ప్రతిసారీ కొత్త మట్టిపూత మీద పగులు కోసం వెతికాను. కనిపించకపోతే ఇంకొక చుట్టు తిరిగాను.

ఆ గోడ కింద బొగ్గు వేసేవాళ్ళు ఏడుగురు. అందులో ఒకడు మా బావ, నా భార్య అన్న. చలికాలం. మధ్యాహ్నం బువ్వ వేళకు అతను ఆ గోడకే వీపు ఆనించి కూర్చుని టిఫిన్ విప్పాడు.

"బావా, అక్కడ నుంచి లే" అన్నాను.

"ఎందుకు? నడుం పట్టేసింది, గోడ మంచిగ ఎచ్చగున్నది. ఏం బావా, పొద్దటి సంది దయ్యం పట్టినోని లెక్క తిరుగుతున్నవ్? మా చెల్లె కొట్టిందా?"

పక్కవాళ్ళు నవ్వారు.

"లే అంటున్న గద!"

"కొట్టినట్టే ఉందిరా" అని అతను ముద్ద కలుపుతున్నాడు. పైన టిక్కుమని చిన్న చప్పుడైంది. గూటి మూల నుంచి నూలుపోగంత పగులు కిందికి దిగింది. మట్టిపూత పొడిగా రాలి అతని అన్నం మీద పడింది.

"సూడు, గోడ గూడ నా కూరల ఉప్పేస్తుంది" అన్నాడు బావ.

నేను అతని చెయ్యి పట్టి అవతలికి గుంజి పడేశాను. టిఫిన్ బోర్లపడింది. అతను తిడుతుండగానే ఉస్తాద్ దగ్గరికి ఉరికాను.

ఆయన సాసర్లో చాయ్ పోసుకుంటున్నాడు.

"ఉస్తాద్, చివర్లు బిగించిన."

సాసర్ కింద పెట్టాడు. "ఎన్ని?"

"ఎనిమిది."

"ఏంటితోని?"

"ఇనుప చీలలతోని. శుక్రవారం, మీరు నమాజుకు పోయినప్పుడు."

తిడతాడని చూశాను. తిట్టలేదు. రంధ్రం దగ్గరికి పోయి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. నాకు చాలాసేపు అనిపించిందేమో. తల తిప్పకుండానే, "మూడోది వంగుతుంది" అన్నాడు. తర్వాత గొంతెత్తి, "బొగ్గు బంద్! అందరు గోడ కాడికెల్లి అవతలికి నడువుండ్రి! టిఫిన్లు మల్ల తెచ్చుకుందురు, నడువుండ్రి!" అని కేకేశాడు.

ఇంజనీరు వచ్చాడు. విషయం విన్నాడు. "ఎవరు చేశారీ పని?" అన్నాడు.

ఉస్తాద్ నా వైపు చూడలేదు. చెప్పలేదు. ఆయన చెప్పడని నాకు అర్థమైంది.

"నేనే సార్" అన్నాను.

"ముట్టొద్దని చెప్పలేదా నీకు?"

అప్పుడు ఉస్తాద్ మాట్లాడాడు. "చెప్పిన సార్. ముట్టకు అని చెప్పిన. ఎందుకో చెప్పలే. చెప్తే ముట్టకపోతుండె. కాగితం మీద రాస్తే రెండు పేర్లు రాయుండ్రి."

మేనేజరు దగ్గర నుంచి మనిషి వచ్చాడు, ఆవిరి సంగతి ఏమైందని. పూర్తిగా చల్లార్చి, విప్పి, మళ్ళీ ఆరబెట్టి రాజేయాలంటే నాలుగు రోజులు. నాలుగు రోజులంటే మేనేజరు ఒప్పుకోడు, ఏం కాదులే పెంచండి అంటాడు. పెంచితే ఏమవుతుందో ఉస్తాద్‌కు తెలుసు. నిప్పులు బయటికి లాగించి, చల్లగాలి లోపలికి దూరకుండా తలుపులు మూయించి, లోపలి ఎరుపు తగ్గేదాకా ఆగుదామన్నాడు. వేడి ఉండగానే బయటి నుంచి గూళ్ళు విప్పి చీలలు తీద్దామన్నాడు. ఇంజనీరు, "తీసేదెవరు?" అన్నాడు.

"బిగించినోడే తీస్తడు" అన్నాడు ఉస్తాద్. "నేను పక్కన ఉంట."

కట్టెల మంచె మీద ఇద్దరమూ ఎక్కాం. చేతులకు తడి గోనెపట్టాలు చుట్టుకున్నాం. మొదటి గూటి ఇటుక తీయగానే వేడి మొహాన కొట్టింది, కనుబొమల వెంట్రుకలు ముడుచుకున్నాయి. లోపల దూలం నడుమ ఇంకా మసక ఎరుపుగా ఉంది. మామూలు ఇనుమైతే ఆ వేడి చివరల దాకా పరుగెత్తి, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఈ ఉక్కులో వేడి నిదానంగా నడుస్తుంది. చివర తడి గోనెలోంచి చెయ్యి ఓర్చేంత ఉంది.

చీల కదలలేదు. నేను సుత్తితో దిగగొట్టింది కొంత, దూలం పెరిగి నొక్కింది ఎక్కువ. లాగితే వచ్చేది కాదు. చీల వెనక ఇటుకను ఉలితో ముక్కలు ముక్కలుగా కొట్టి తీయాలి.

"మొగం పక్కకు పెట్టు. ముంగట పెట్టకు" అన్నాడు ఉస్తాద్. వెంటనే, "ఇటుక ఒదిలిన గడియల చీల తుపాకి గుండు లెక్క వస్తది, అందుకు" అన్నాడు. నాకు చెప్పిన పనికి ఎందుకో కూడా ఆయన నోట వినడం అదే మొదలు.

మొదటివి మూడు వచ్చాయి. నాలుగోది ఇటుక పూర్తిగా తీయకముందే ఎగిరింది. నా చెవి పక్కగా పోయి అవతలి రేకు తలుపుకు తగిలి మోగింది. ముఖం ఎదురుగా పెట్టి ఉంటే ఇది రాసేవాడిని కాదు. కింద దూరంగా నిలబడ్డ బావ, "బావా!" అని అరిచాడు.

"పానంతోనే ఉన్నడు, నువ్వు బువ్వ తిను!" అని ఉస్తాద్ జవాబిచ్చాడు.

ఎవరూ నవ్వలేదు. నేను మళ్ళీ ఉలి అందుకున్నాను. చీల పోయిన చోట దూలం చివర నా కళ్ళ ముందే గోరంత ముందుకు జరిగి ఆగింది. దానికి కావలసింది అంతే.

ఎనిమిదోది వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. ఉస్తాద్ ఒక్కో గూట్లో వేలు మందం చెక్కముక్క పెట్టి ఖాళీ కొలిచాడు. ఆ తర్వాత కూడా మంట పెరిగేది ఉంది గనుక ఇంకెంత కావాలో లెక్క చెప్పి, వెనక ఇటుకను చెక్కించాడు. నాలుగో దూలం దగ్గర ఉలి నాకిచ్చి, "ఎంత చెక్కుతవో నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పాను. "ఎందుకు?" అన్నాడు. ఎందుకో కూడా చెప్పాను. తల ఊపి మంచె దిగాడు.

మూడో దూలం నడుమ వంపు అలాగే ఉండిపోయింది. మార్చడానికి ఇంకొకటి లేదు. అయిదోది నకిలీదని వాపస్ పోయింది. ఉస్తాద్ దాన్ని అన్ని పక్కల నుంచీ చూసి, "వంగింది గాని ఇరుగలే. మొయ్యనియ్యి" అన్నాడు. ఆవిరి మంగళవారం ఇచ్చాం.

కాగితం మీద రెండు పేర్లూ రాశారు. నేను పర్మనెంటు కావడం ఏడాది ఆగింది. అది నా తప్పుకు తక్కువే. ఆ ఏడు ఉస్తాద్‌కు ఫోర్‌మన్ పదవి రావలసి ఉందని, అది ఈ కాగితం వల్లనే ఇంకొకరికి పోయిందని చాలా కాలం తర్వాత ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది. నేను ఆ సంగతి ఎత్తబోతే ఆయన, "వాల్వు కారుతుంది సూడుపో" అన్నాడు. నిజంగానే కారుతున్నది.

ఆ ఆదివారం తర్వాత ఆయన ఎవరికీ కారణం చెప్పకుండా పని చెప్పలేదు. ఊడ్చేవాడికి కూడా ఈ మూల ముందెందుకు ఊడవాలో చెప్పేవాడు. కొందరు విసుక్కునేవారు. "చెయ్యి గట్టిగుంటె సాలదు బేటా, దానికి ఎందుకో తెల్వాలె" అనేవాడు నాతో. ఇంకొక మాట కూడా చాలాసార్లు అనేవాడు. "మీ బాపు వేడిని తరిమేసి పని చేస్తడు. మనం దానితోని కాపురం చేస్తం. కాపురం చేసేటోనికి జాగ ఇయ్యాలె." మా బాపును ఒక్కనాడూ తక్కువ చేసి మాట్లాడలేదు. ఒకసారి సుల్తానాబాద్ పోయినప్పుడు మా కొలిమికి వచ్చి, పట్టా ఎక్కించడం చివరిదాకా నిలబడి చూసి, చక్రం దొర్లించినప్పుడు తనూ వంగి చెవి పెట్టి విన్నాడు.

ఏళ్ళ తరబడి వేడిలో ఉన్న ఆ ఉక్కుకు ఇంకొక గుణం ఉంది. వేడిగా ఉన్నంతసేపు గట్టిగానే ఉంటుంది. చల్లారాక పెళుసు. మరమ్మతుకు ఆపినప్పుడు పాత దూలాన్ని సుత్తితో కొట్టినా, కింద పడేసినా పటుక్కున విరగవచ్చు. అందుకని దాన్ని పసిపిల్లను దించినట్టు దించాలని నేర్పాడు. రిటైరై పోయే రోజున బస్సు ఎక్కిస్తూ నేను రెక్క గట్టిగా పట్టుకుంటే, "మెల్లగ పట్టుకోరా, సల్లారిన ఉక్కును" అన్నాడు. కండక్టర్‌కు అర్థం కాలేదు. మేమిద్దరం నవ్వుకున్నాం. అయస్కాంతం నా చేతిలో పెట్టి కూర్చున్నాడు. ఆయన్ని చూడడం అదే చివరిసారి అవుతుందని అనుకోలేదు. రెండేళ్ళు వస్తాను వస్తాను అనుకుంటూ గడిపాను.

మొన్న, మంట నిలకడగా నిలిచాక, ఆయన పోయిన వారానికి కరీంనగర్ వెళ్ళాను. ఉస్తాద్ భార్య ఏనాడో పోయింది. ఇల్లు చూసుకునేది ఆయన అక్క. డెబ్భై దాటిన మనిషి, గల్లీ అంతా ఆపా అని పిలుస్తుంది. నన్ను వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, చాయ్ పెడతానని మట్టిపొయ్యి దగ్గర కూర్చుంది. పొయ్యి మీద అడ్డంగా, ఒక్కోటి అడుగు పొడవున, రెండు నల్లటి కడ్డీలు.

చూడగానే గుర్తు పట్టాను. ఒకదానికి కొంచెం వంపు ఉంది. మూడో దూలం రెండేళ్ళు మోశాక దాన్ని తీసి పాత ఇనుములో వేసినప్పుడు, ఉస్తాద్ గేటు పాసు రాయించుకుని రెండు ముక్కలు తీసుకుపోవడం నేను చూశాను. ఎందుకని అడగలేదు.

లేచి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చున్నాను. నా చెయ్యి దానంతటదే పోయి కడ్డీని కదిలించింది. గలగలమంది.

"ముట్టకు!" అంది ఆపా. "వదులుగున్నదని మట్టి గిట్ట పెడ్తవేమో. మొదట్ల నేను పెట్టిన. రెండు పొయ్యిలు పలిగినయ్. కొసకు గా జొన్నగింజంత జాగ ఉండాలె."

"ఎందుకో చెప్పిండా ఉస్తాద్?"

"చెప్పకుంట ఉంటడా? ఇంటికచ్చిన ఒక్కొక్కరిని కూసోబెట్టి చెప్పిండు. మా మేకకు ఒక్కదానికే చెప్పలే."

"గీ కడ్డీ ఎక్కడిదో చెప్పిండా?"

ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టి ఆలోచించింది. "చెప్పిండు. ఒక పిలగాడు మనసు పెట్టి చేసిన పని అన్నడు. మనసు పెట్టినోడే వచ్చి చెప్పిండు అన్నడు. పేరు చెప్పలే. నీకు ఎరికనా?"

ఎరికే అన్నాను. ఆమె ఊదుగొట్టం తీసుకుని వంగి ఊదింది. కట్టెలు అంటుకున్నాయి. కడ్డీ నడుమ మొదట నల్లగా, తర్వాత మసకగా, తర్వాత ఎర్రగా అయింది. చివర మట్టికీ ఉక్కుకూ మధ్య ఉన్న సందు మెల్లగా సన్నబడుతూ వచ్చింది. ఆమె గిన్నె పెట్టింది. చాయ్ పొంగింది. నేను సందునే చూస్తున్నాను. జొన్నగింజంత ఉన్నది బియ్యపుగింజంత అయింది. ఆ తర్వాత నూలుపోగంత అయింది. అక్కడ ఆగింది.